మాక్‌బెత్ నాటకంలో పౌరుష భావన

మాక్‌బెత్ ప్రసిద్ధ ఆంగ్ల నాటకకర్త విలియం షేక్‌స్పియర్ (1564 - 1616) రచించిన విషాదాంత నాటకం. 1606 ప్రాంతంలో రచింపబడిన ఈ నాటకం, రచయిత మరణించిన ఏడేళ్ళకు, 1623లో వెలువడిన "తొలి ఫోలియో" సంపుటంలో మొదటిసారి అచ్చయినది. షేక్‌స్పియర్ విషాదాంత నాటకాలలో ఇదే మిక్కిలి చిన్నది. అధికార దాహం, పాపభీతి, విధి అనే విషయాల దృష్ట్యా ఈ నాటకంపై విస్తారమైన చర్చ జరిగింది. వాటితో సమానంగా పరిశీలింపదగిన విషయం మరొకటి ఇందులో ఉన్నది. మగతనం అంటే ఏమిటి అనేదే ఆ విషయం. రాజహత్యకు కథానాయకుణ్ణి పురికొల్పినది కిరీటంపై ఆశ ఒక్కటే కాదు. నీవు మగవాడివేనా అని భార్య వేసిన ప్రశ్న కూడా. ఆ ప్రశ్న ఒకరి నోటినుండి మరొకరి నోటికి మారుతూ చివరి అంకం దాకా సాగుతుంది.

కథా సంగ్రహం

స్కాట్లండు రాజైన డంకన్ వద్ద మాక్‌బెత్ సేనాని. తిరుగుబాటును, నార్వే దండయాత్రను అణచి తిరిగివస్తుండగా ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై అతడు రాజు కాగలడని, అతని సహచరుడు బాంక్వో సంతతివారు కూడా రాజులు కాగలరని జోస్యం చెబుతారు. భార్య ప్రోద్బలంతో మాక్‌బెత్ తన కోటలో అతిథిగా నిద్రిస్తున్న డంకన్‌ను హత్య చేసి సింహాసనం ఎక్కుతాడు. రాజకుమారులు మాల్కం, డొనాల్‌బెయిన్ దేశం విడిచి పారిపోతారు. పిదప బాంక్వోను, మాక్‌డఫ్ అనే ప్రభువు భార్యాబిడ్డలను కూడా మాక్‌బెత్ చంపిస్తాడు. లేడీ మాక్‌బెత్ మతి చలించి మరణిస్తుంది. ఇంగ్లండు సైన్యంతో వచ్చిన మాల్కం, మాక్‌డఫ్‌లు కోటను ముట్టడించగా, మాక్‌బెత్ మాక్‌డఫ్ చేతిలో మరణిస్తాడు.

ఒకే మాట, రెండు అర్థాలు

ఈ నాటకాన్ని ఆంగ్లంలో చదివేవారు గమనించకుండా దాటిపోయే అవకాశం ఉన్న సంగతి ఒకటి తెలుగువారికి సులభంగా కనిపిస్తుంది. ఆంగ్లంలో "మ్యాన్" అనే మాటకు మనిషి అనీ, మగవాడు అనీ రెండు అర్థాలున్నాయి. తెలుగులో ఇవి రెండు వేరు మాటలు. "నువ్వు మనిషివేనా?" అని మనం ఎవరినైనా నిలదీస్తే అతడు దయమాలిన పని చేశాడని అర్థం. "నువ్వు మగవాడివేనా?" అని అడిగితే అతడు పిరికితనం చూపాడని అర్థం. మొదటి ప్రశ్న క్రూరత్వాన్ని నిందిస్తుంది, రెండవది జంకును నిందిస్తుంది. అంటే ఈ రెండు ప్రశ్నలూ మనిషిని ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. ఆంగ్లంలో మాత్రం రెండింటికీ ఒకే వాక్యం సరిపోతుంది.

మాక్‌బెత్ నాటకంలో సంఘర్షణ చాలావరకు ఈ రెండు అర్థాల నడుమ జరుగుతుంది. ఒక పాత్ర ఆ మాటను మనిషి అనే అర్థంలో పలికితే, ఎదుటి పాత్ర దానినే అందుకుని మగవాడు అనే అర్థంలో తిప్పికొడుతుంది. తెలుగు అనువాదకుడు ప్రతిచోటా ఏదో ఒక మాటను ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న మరుక్షణం ఆ వాదంలో ఎవరి పక్షం వహించాడో తేలిపోతుంది.

పౌరుషం అనే మాట సంగతి ఇంకొక విధమైనది. పురుష శబ్దం నుండి పుట్టినప్పటికీ తెలుగు వాడుకలో దానికి అభిమానం, రోషం అనే అర్థాలు స్థిరపడ్డాయి. అందుచేత పౌరుషం గల ఆడమనిషి అనడంలో మనకు విరోధం తోచదు. ఈ వ్యాసంలో దానిని పురుషునికి తగిన గుణమని లోకం భావించేది అనే పరిమితార్థంలోనే వాడటం జరిగింది.

యుద్ధరంగంలో మెప్పు

మాక్‌బెత్ రంగస్థలం మీదికి రాకముందే అతని కీర్తి వస్తుంది. మొదటి అంకం రెండవ రంగంలో గాయపడిన సైనికుడొకడు రాజుకు యుద్ధవార్త వినిపిస్తాడు. తిరుగుబాటుదారుడైన మాక్‌డొన్‌వాల్డ్‌ను మాక్‌బెత్ నాభినుండి దవడల దాకా చీల్చి, తల నరికి కోటగోడపై నిలిపాడని అతడు వర్ణిస్తాడు. సౌమ్యుడైన డంకన్ ఈ వర్ణన విని అసహ్యించుకోడు సరికదా, ఎంతో మెచ్చుకుంటాడు. రక్తపాతంలో నేర్పే ఈ రాజ్యంలో పురుషునికి గౌరవం తెచ్చిపెడుతుంది. కాబట్టి లేడీ మాక్‌బెత్ తరువాత చేసే వాదం ఆమె సొంతంగా కల్పించినది కాదు. దేశమంతా అంగీకరించిన కొలమానాన్నే ఆమె ఇంట్లోకి తెచ్చింది. శత్రువుపై ఎత్తిన కత్తి మగతనానికి గుర్తు అయినప్పుడు రాజుపై ఎత్తిన కత్తి ఎందుకు కాకూడదన్నదే ఆమె తర్కం. నాటకం చివర మాక్‌బెత్ తల కూడా అదే విధంగా తెగి ప్రదర్శనకు వస్తుంది.

భార్యాభర్తల వాదం

మొదటి అంకం ఏడవ రంగం ఈ విషయంలో నాటకానికి గుండెకాయ వంటిది. విందు జరుగుతున్న సమయంలో మాక్‌బెత్ లేచి బయటికి వచ్చి తనలో తాను తర్కించుకుంటాడు. డంకన్ తనకు బంధువు, ప్రభువు, అన్నిటికంటె మించి ఆ రాత్రికి అతిథి. హంతకుడు రాకుండా తలుపు మూయవలసినవాడే కత్తి పట్టడం ఎట్లా? ఈ ఆలోచనలతో అతడు వెనుకాడి, ఇక ఈ పని మానుకుందామని భార్యతో స్పష్టంగా చెబుతాడు.

ఆమె మొదట అతని ప్రేమను శంకిస్తుంది, తరువాత ధైర్యాన్ని శంకిస్తుంది. దానికి మాక్‌బెత్ చెప్పిన సమాధానం నాటకం మొత్తంలో అతడు పలికిన మాటలలో కెల్లా ఆరోగ్యవంతమైనది. మ్యాన్ అనిపించుకునేవాడికి తగిన పని ఏదైనా చేయడానికి తాను సిద్ధమేనని, ఆ హద్దు మీరినవాడు ఇక ఆ పేరుకు తగడని అతని భావం. ఇక్కడ ఆ మాటకు మనిషి అని అర్థం చెప్పుకోవాలి. మనిషితనానికి ఒక హద్దు ఉన్నది, దానిని దాటినవాడు మనిషి కాడు అని అతడంటున్నాడు.

లేడీ మాక్‌బెత్ వెంటనే ఆ మాటను పట్టుకుంటుంది. అట్లయితే ఈ ఆలోచనను మొదట తనకు చెప్పినది ఏ జంతువు అని ఎత్తిపొడుస్తుంది. ఆ సాహసం కలిగిన రోజున నీవు మగవాడివి, అంతకు మించినవాడివి కాగోరితే ఇంకా ఎక్కువ మగవాడివి అవుతావని వాదిస్తుంది. ఆమె చేసిన మార్పు సూక్ష్మమైనదైనా గొప్పది. భర్త దృష్టిలో అది ఒక హద్దు. ఆమె దానిని కొలతగా మార్చింది. హద్దుకు లోబడి ఉండవచ్చును, కాని కొలత ఎప్పటికప్పుడు పెరుగుతూ పోవలసిందే. తరువాతి హత్యలన్నీ ఈ కొలతను అందుకోవడానికి మాక్‌బెత్ వేసిన అడుగులే.

ఆ వెంటనే ఆమె పసిబిడ్డ మాట ఎత్తుతుంది. తాను పాలిచ్చిన తల్లినేనని, అయినా ఇటువంటి ప్రతిజ్ఞ చేసి ఉంటే తన ముఖం చూసి నవ్వుతున్న బిడ్డను సైతం నేలకు కొట్టి చంపి ఉండేదాననని అంటుంది. ఆడదానినైన నేనే ఇంత చేయగలిగితే నీ సంగతేమిటి అన్నది ఇందులోని ధ్వని. మన వైపు పల్లెలలో చేతకానివాణ్ణి గాజులు తొడుక్కోమని ఎగతాళి చేయడం ఉన్నది. ఆ ఎగతాళికి, ఈ వాదానికి జాతి ఒకటే, తీవ్రతలోనే భేదం. ఇంతటి భయంకరమైన మాట విని మాక్‌బెత్ నోట వచ్చినది ఏమిటి? పని చెడితే ఏమవుతుందన్న ప్రశ్న. ధర్మాధర్మాల ప్రశ్న అప్పటికే పక్కకు తొలగి, పని సాగుతుందా లేదా అన్నదే మిగిలింది. ఆమె ఉపాయం చెప్పగానే, ఇటువంటి స్త్రీ మగపిల్లలనే కనాలని అతడు మెచ్చుకుంటాడు. వాదం అక్కడ ముగిసింది, ఓడినది అతడే.

యుద్ధానికి వెనుకాడిన వీరునితో ఇది నీకు తగని క్లైబ్యం అని చెప్పే ఘట్టం మన పాఠకులకు భగవద్గీత రెండవ అధ్యాయం మొదట్లోనే పరిచయం. బంధువులను, పెద్దలను చంపవలసి వచ్చినదన్న వెనుకంజ రెండుచోట్లా ఉన్నది. అయితే పోలిక అంతవరకే. అక్కడిది ఇరుపక్షాలు ఆయుధాలు ధరించి నిలిచిన బహిరంగ యుద్ధం. ఆ ఒక్క మాటతో బోధ ఆగిపోలేదు, సుదీర్ఘమైన తత్త్వచర్చ సాగింది. ఇక్కడిది నిద్రిస్తున్న అతిథి హత్య. మగతనం పేరిట చేసిన ఎత్తిపొడుపు, ఒక ఉపాయం తప్ప వాదంలో మరే సరుకూ లేదు.

హంతకుల నియామకం

భార్య వద్ద నేర్చిన పాఠాన్ని మాక్‌బెత్ మూడవ అంకంలో ఇతరులకు అప్పజెబుతాడు. బాంక్వోను చంపడానికి పిలిపించిన ఇద్దరు తాము కూడా మగవాళ్ళమేనని చెప్పుకుంటారు. జాబితాలోనైతే మీరూ ఆ లెక్కలోకే వస్తారు అని అతడు వెటకరిస్తాడు. వేటకుక్క, ఊరకుక్క, తోడేలు సంకరపు కుక్క ఇవన్నీ కుక్కలే అయినా వాటి విలువలు వేరు వేరు కదా, మగవాళ్ళలోనూ అట్లాగే మెట్లు ఉన్నాయంటాడు. మొదటి అంకంలో మనిషి అనే మాటకు హద్దు గీసినవాడే ఇప్పుడు మనుషులను కుక్కల జాతులతో పోల్చి వెల కడుతున్నాడు. ఈసారి భార్యకు ఈ పన్నాగం గురించి చెప్పను కూడా చెప్పడు.

విందు దృశ్యం

మూడవ అంకం నాల్గవ రంగంలో బాంక్వో ప్రేతం వచ్చి రాజు ఆసనంలో కూర్చుంటుంది. అది మాక్‌బెత్‌కు తప్ప మరెవ్వరికీ కనిపించదు. నిండు సభలో అతడు వణకిపోతాడు. లేడీ మాక్‌బెత్ పక్కకు వచ్చి అదే పాత ప్రశ్నను రహస్యంగా వేస్తుంది, మగవాడివేనా అని. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చుని ముసలమ్మ చెప్పే కథలకు తగిన భయం ఇది అని హేళన చేస్తుంది. అతడు తన మగతనాన్ని నిరూపించుకోవడానికి ఎలుగుబంటి, ఖడ్గమృగం, పెద్దపులి వంటి జంతువుల పేర్లు వరుసగా చెబుతాడు. ఏ రూపంలో వచ్చినా ఎదిరిస్తాను, ఈ రూపంలో మాత్రం రావద్దని వేడుకుంటాడు. ప్రేతం అదృశ్యం కాగానే మళ్ళీ మగవాణ్ణయ్యానని ఊపిరి పీల్చుకుంటాడు.

ఇక్కడ భార్య పిరికితనం అంటున్నది నిజానికి అతనిలో మిగిలిన మనస్సాక్షి. ఆ వణుకే అతడింకా మనిషి అనడానికి సాక్ష్యం. అది పోయిన తరువాతనే అతనికి భయం పోతుంది. అయిదవ అంకంలో స్త్రీల ఏడ్పు వినబడినప్పుడు, భయం రుచి ఎట్లా ఉంటుందో తాను దాదాపు మరచిపోయానని అతడే చెప్పుకుంటాడు. ఆ ఏడ్పు తన భార్య మరణానికి సంబంధించినదని తెలిసినా కన్నీరు రాదు. ఆమె కోరిన విధంగానే అతడు పూర్తిగా తయారయ్యాడు, ఆమె చావుకు ఏడవలేనంతగా. అప్పటికి ఆమె మాత్రం నిద్రలో నడుస్తూ, చేతికంటిన రక్తపు మరక కోసం వెదుక్కుంటూ, సైనికుడివై ఉండి భయమా అని ఎదురుగా లేని భర్తను ఇంకా మందలిస్తూ కృశించింది.

మాక్‌డఫ్ దుఃఖం

నాల్గవ అంకం మూడవ రంగం ఇంగ్లండులో జరుగుతుంది. దీనిలో మొదటి సగం, అంటే మాల్కం తనను తాను దుర్మార్గుడిగా చెప్పుకుని మాక్‌డఫ్ నిజాయితీని పరీక్షించే భాగం, చదవడానికి కాస్త విసుగు పుట్టించే మాట వాస్తవం. ప్రదర్శనలలో దానిని తరచు కుదిస్తారు. కాని ఆ తరువాత వచ్చే ఘట్టం లేకపోతే ఈ నాటకంలో మగతనం గురించిన వాదానికి సమాధానమే లేదు.

రాస్ అనే ప్రభువు స్కాట్లండు నుండి వచ్చి, మాక్‌డఫ్ భార్యను, పిల్లలను, సేవకులను ఒక్కరిని కూడా వదలకుండా చంపివేశారని తెలియజేస్తాడు. మాక్‌డఫ్‌కు నోట మాట రాదు, టోపీని కనుబొమల మీదికి లాక్కుంటాడు. తరువాత అందరూనా, పిల్లలు కూడానా అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. విన్న సంగతినే తిరిగి తిరిగి అడగడం దుఃఖంలో ఉన్నవారు నిజంగా చేసే పని. ఈ పాతిక పంక్తులలో అలంకారం బహు స్వల్పం, గద్దకు చిక్కిన కోడిపిల్లల పోలిక తప్ప.

యువకుడైన మాల్కం తొందరపడి, మగవాడిలా దీనిని ఎదుర్కొనమని సలహా చెబుతాడు. మాక్‌డఫ్ దానిని కాదనడు. అట్లాగే చేస్తాను, కాని దీనిని మనిషిలా అనుభవించడం కూడా నాకు తప్పదు కదా అన్న అర్థంలో బదులు చెబుతాడు. మూలంలో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట. మొదటి అంకంలో లేడీ మాక్‌బెత్ మనిషిని మగవాడిగా కుదించింది. ఇక్కడ మాక్‌డఫ్ ఆ మాటను మళ్ళీ విశాలం చేశాడు. దుఃఖించడం మగతనానికి లోపం కాదని, దానిలో భాగమని ఒక యోధుని నోట పలికించడం ఆ కాలపు నాటకంలో చిన్న విషయం కాదు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదన్న సామెత వింటూ పెరిగిన తెలుగు పాఠకునికి ఈ సమాధానం విలువ వేరే చెప్పనక్కరలేదు.

మాక్‌డఫ్‌ను ఆదర్శ పురుషునిగా నిలబెట్టడానికి మాత్రం నాటకం అంగీకరించదు. దీనికి ముందు రంగంలోనే అతని భార్య, ఆలుబిడ్డలను దిక్కులేకుండా వదిలి పారిపోయాడని అతణ్ణి నిందించింది. పిట్టలలో కెల్లా చిన్నదైనా తన పిల్లల కోసం గుడ్లగూబతో పోరాడుతుందని, ఇతనికి ఆ సహజమైన మమకారం కూడా లేదని ఆమె ఆరోపణ. హంతకుల ఎదుట నిలిచి తండ్రిని సమర్థించినవాడు ఆమె చిన్న కుమారుడు. నాటకంలో అసలైన ధైర్యం ఎవరిదని ఎవరైనా అడిగితే ఆ పసివాని పేరు చెప్పడం సమంజసం. తనవారు చనిపోయినది తన కారణంగానే అని మాక్‌డఫ్ కూడా ఒప్పుకుంటాడు. అంతలోనే కన్నీరు కార్చడం స్త్రీల పని అన్న ధోరణిలో మాట్లాడి ప్రతీకారానికి కత్తి పట్టుకుంటాడు. ఇది మగవాడి స్వరం అని మాల్కం సంతోషిస్తాడు. అంటే పాత కొలమానం పూర్తిగా పోలేదు.

సీవార్డ్ కుమారుడు

అయిదవ అంకం చివర వచ్చే ఒక చిన్న ఘట్టాన్ని పాఠ్యపుస్తకాల వ్యాఖ్యలు సాధారణంగా రెండు ముక్కలలో ముగిస్తాయి. ఇంగ్లండు సేనాని వృద్ధుడైన సీవార్డ్. అతని కొడుకు మాక్‌బెత్ చేతిలో మరణిస్తాడు. కుర్రవాడు మగవాడయ్యేంతవరకే బ్రతికాడని, అయిన వెంటనే చనిపోయాడని రాస్ కబురు చెబుతాడు. తండ్రి అడిగిన మొదటి ప్రశ్న, గాయాలు శరీరానికి ముందువైపు ఉన్నాయా అని. ముందువైపే అని తెలియగానే తృప్తి చెంది, ఎందరు కొడుకులున్నా ఇంతకంటె మంచి చావు కోరనంటాడు. ఈ కథ హోలిన్‌షెడ్ చరిత్రలో కూడా ఉన్నది.

అప్పుడు మాల్కం కలుగజేసుకుని, ఆ బాలుడు ఇంతకంటె ఎక్కువ దుఃఖానికి అర్హుడని, తండ్రి విడువని కన్నీటిని తాను విడుస్తానని అంటాడు. అక్కరలేదని తండ్రి తోసిపుచ్చుతాడు. కొద్దిసేపటి క్రితం మాక్‌డఫ్‌ను మగవాడిలా ఉండమన్నవాడే ఈ మాల్కం అన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ రెండు పంక్తుల బరువు తెలుస్తుంది. కాబోయే రాజు మాక్‌డఫ్ వద్ద ఒక విషయం నేర్చుకున్నాడు. వృద్ధ సేనాని నేర్చుకోలేదు.

మాక్‌బెత్ అంతం కూడా ఈ మాటతోనే ముడిపడి ఉన్నది. స్త్రీకి పుట్టినవాడెవ్వడూ తనను చంపలేడన్న జోస్యాన్ని నమ్మినవాడు అతడు. మాక్‌డఫ్ తాను తల్లి గర్భాన్ని చీల్చి తీయగా బయటపడినవాణ్ణని చెప్పగానే, తనలోని మగతనమంతా ఆ మాటతో క్రుంగిపోయిందని అతడు వాపోతాడు.

మంత్రగత్తెలు, లేడీ మాక్‌బెత్

నాటకంలో స్త్రీ పురుష భేదం మొదటినుండీ చెదిరే ఉంటుంది. మంత్రగత్తెలకు గడ్డాలున్నాయి, వారు స్త్రీలేనా అని బాంక్వో సందేహిస్తాడు. లేడీ మాక్‌బెత్ భర్త ఉత్తరం చదివిన తరువాత, తనలోని స్త్రీత్వాన్ని తొలగించి, చనుబాలకు బదులుగా చేదు పైత్యరసం నింపమని దుష్టశక్తులను ప్రార్థిస్తుంది. అంత ప్రార్థించవలసి వచ్చినదంటే అది ఆమెకు సహజంగా లేదనే అర్థం. నిద్రలో ఉన్న డంకన్ తన తండ్రిని పోలి ఉండకపోతే తానే చంపి ఉండేదానినని రెండవ అంకంలో ఆమె చెప్పుకుంటుంది. ఆ ఒక్క మాట ఆమెను రాక్షసి అనేవారికి తగిన సమాధానం.

షేక్‌స్పియర్ కాలంలో ఇంగ్లండు వృత్తి నాటకశాలలలో స్త్రీ పాత్రలను బాలురే ధరించేవారు. 1660 తరువాత గాని అక్కడ స్త్రీలు రంగస్థలం ఎక్కలేదు. కనుక స్త్రీత్వాన్ని తొలగించమని వేడుకున్న ఆ పాత్రను మొదట పోషించినది స్త్రీవేషంలో ఉన్న ఒక కుర్రవాడు. స్థానం నరసింహారావు వంటివారు స్త్రీ పాత్రలతో మెప్పించిన తెలుగు నాటకరంగం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

మూలకథ, చరిత్ర

షేక్‌స్పియర్‌కు ప్రధానమైన ఆధారం రఫాయెల్ హోలిన్‌షెడ్ పేరిట 1577లోను, విస్తరించిన రూపంలో 1587లోను వెలువడిన చరిత్ర గ్రంథం. అందులో మాక్‌బెత్ భార్య ప్రసక్తి అతి స్వల్పం. భార్య ప్రేరణతో అతిథియైన రాజును చంపిన కథ అదే గ్రంథంలో డొన్‌వాల్డ్ అనే మరొకనికి సంబంధించినది. నాటకకర్త రెండు కథలను కలిపి ఈ దంపతుల వాదాన్ని సృష్టించాడు.

చరిత్రలోని మాక్‌బెత్ 1040 నుండి 1057 వరకు స్కాట్లండును పాలించాడు. డంకన్ వృద్ధుడు కాడు, నిద్రలో చనిపోలేదు. 1040లో మాక్‌బెత్‌తో జరిగిన పోరులో మరణించాడు. మాక్‌బెత్ భార్య పేరు గ్రూఆఖ్. ఆమెకు మొదటి భర్త వలన కలిగిన లూలాక్ అనే కొడుకు మాక్‌బెత్ తరువాత కొద్దికాలం రాజుగా ఉన్నాడు. లేడీ మాక్‌బెత్ పాలిచ్చిన బిడ్డ ఎవరని అడిగేవారు కొందరు ఈ చరిత్రను చూపుతారు గాని, నాటకంలో దానికి ఆధారం లేదు.

విమర్శకులు

ఎ. సి. బ్రాడ్లీ 1904లో ప్రచురించిన ఉపన్యాసాలలో ఈ పాత్రలను సజీవ వ్యక్తులుగా తీసుకుని విశ్లేషించాడు. ఆ పద్ధతిని ఎత్తిపొడుస్తూ ఎల్. సి. నైట్స్ 1933లో వ్రాసిన వ్యాసానికి లేడీ మాక్‌బెత్‌కు పిల్లలెందరు అన్న ప్రశ్ననే పేరుగా పెట్టాడు. క్లియాంత్ బ్రూక్స్ 1947లో, నాటకమంతటా పరచుకున్న పసిబిడ్డ ప్రతీకను, ఒంటికి నప్పని దుస్తుల ప్రతీకను కలిపి పరిశీలించాడు. మగతనం మాక్‌బెత్ కప్పుకున్న అంగీ అయితే, పసిబిడ్డ ఆ అంగీ కప్పలేని సత్యమన్నది స్థూలంగా ఆయన దృష్టి. కొప్పీలియా కాన్ (1981), జానెట్ ఆడెల్మన్ (1992) స్త్రీవాద దృక్పథంతో చేసిన పరిశీలనలు తరువాతి చర్చకు దారి వేశాయి. తల్లి ప్రమేయం లేకుండా పుట్టినట్లు కనిపించే వీరుని చేతిలో కథ ముగియడం, ఆ ముగింపులో ఒక్క స్త్రీ కూడా మిగలకపోవడం ఆడెల్మన్ ఎత్తిచూపిన అంశాలు. మాక్‌డఫ్ సమాధానానికి ఆమె వాదంలో తగినంత చోటు దొరకలేదని అనిపిస్తుంది. కాని ముగింపు గురించి ఆమె చెప్పినదానిని త్రోసిపుచ్చడం కష్టం.

రంగస్థలం, చలనచిత్రాలు

1611లో గ్లోబ్ నాటకశాలలో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్మన్ అనే జ్యోతిష్కుడు తన అనుభవాన్ని వ్రాసిపెట్టాడు. విందులో ప్రేతం రావడం, రాణి నిద్రలో నడవడం ఆయనకు బాగా గుర్తుండిపోయాయి.

1785లో లండనులో లేడీ మాక్‌బెత్ పాత్ర ధరించిన సారా సిడన్స్ ఈ పాత్రకు అత్యంత ప్రసిద్ధి తెచ్చింది. ప్రేక్షకులను భయపెట్టినదని పేరు పొందిన ఈమె, పాత్ర గురించి వ్రాసుకున్న వివరణలో మాత్రం లేడీ మాక్‌బెత్‌ను సుకుమారమైన, నాజూకైన స్త్రీగా ఊహించింది. భర్తపై అంతటి పట్టు అటువంటి స్త్రీకే సాధ్యమన్నది ఆమె అభిప్రాయం.

జపాను దర్శకుడు అకిరా కురొసావా 1957లో తీసిన చిత్రంలో (జపాను పేరుకు సాలెగూటి కోట అని అర్థం) భార్య తాను గర్భవతినని చెప్పి భర్త మనసు మారుస్తుంది. ఆ బిడ్డ మృతశిశువుగా పుట్టిన తరువాత ఆమెకు మతి పోతుంది.

విశాల్ భరద్వాజ్ హిందీలో తీసిన మక్బూల్ (2003) ఈ కథను ముంబాయి నేరసామ్రాజ్యానికి మార్చింది. ఇర్ఫాన్ ఖాన్ మక్బూల్‌గా, పంకజ్ కపూర్ ముఠా నాయకుడిగా నటించారు. హైదరాబాదులో జన్మించి తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితురాలైన టాబు నిమ్మీ పాత్రను పోషించింది. ఇందులో ఆమె కథానాయకుని భార్య కాదు, ముఠా నాయకుని ఉంపుడుగత్తె. నాటకంలో కేవలం మాటలలో వినబడిన పసిబిడ్డ ఈ చిత్రంలో నిజంగా పుడుతుంది. చివర మక్బూల్ తుపాకీతో ఆసుపత్రికి వెళ్తాడు. తాను నాశనం చేసిన కుటుంబంలోని జంటే ఆ బిడ్డను ఎత్తుకుని లాలించడం తలుపు అద్దంలోంచి చూస్తాడు. తుపాకీ అక్కడే జారవిడిచి, శత్రువు కాచుకుని ఉన్న వీధిలోకి నడిచి వెళ్తాడు.